ఒకే ఆండ్రాయిడ్, పలు తొడుగులు

హైదరాబాదునుండి చేవెళ్లకు పోవు బాటలో, ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరు జలాశయముల నడుమ, మొయినాబాదునకు ఇవతల వచ్చు గ్రామము అజీజ్‌నగర్. ఆ చుట్టుపట్ల కూరగాయలతోపాటు పూలు పండించు రైతులు పలువురు కలరు. చామంతి, బంతి, గులాబి పూలను తెల్లవారుజామున కోయించి గుడిమల్కాపూరు పూల మార్కెట్టునకు పంపుట వారి నిత్యకృత్యము. పూల వ్యాపారములో ఒక పూట ఆలస్యమైనను, ఒక పూట తొందరపడినను నష్టమే. కోసిన పువ్వు రైతుకొరకు ఆగదు.

ఇటీవల ఆ గ్రామములో నాకు పరిచయమున్న ఒక రైతు ఇంటికి వెళ్లినప్పుడు, ఆయన రెండు చరవాణులను నా ముందుంచి తన గోడు చెప్పుకొన్నాడు. ఒకటి ఆయనది, రెండవది ఇంజనీరింగు చదువుచున్న ఆయన కుమార్తెది. ముందునాటి రాత్రి 9 గంటలకు మార్కెట్టు వ్యాపారి, రైతులందరును ఉన్న వాట్సాప్ బృందమునకు ఒక సందేశము పంపెను. మరునాడు గిరాకి లేదు, సగము సరుకు చాలును అని దాని సారాంశము. కుమార్తె ఫోను వెంటనే మ్రోగినది. తండ్రికిని వచ్చియే యుండునని తలచి ఆమె తన చదువులో పడినది. తండ్రి ఫోనులో మాత్రము ఆ సందేశము, తెల్లవారినపిదప ఆయన దానిని చేతికి తీసుకొని తెర వెలిగించినప్పుడే కనబడినది. అప్పటికే కూలీలు తోటలో నాలుగు మడులు కోసి బుట్టల కెత్తియుండిరి.

“రెండూ ఆండ్రాయిడే గద బిడ్డా! నీది మోగె, నాది ఎందుకు మోగకపాయె?” అని ఆయన ప్రశ్న.

“లోపలిది ఒక్కటే నాయనా. దాని మీద కంపెనోళ్లు కప్పిన తొడుగు వేరే” అని ఆ అమ్మాయి సమాధానము.

విషయమంతయు ఈ రెండు మాటలలో ఇమిడియున్నది. దానిని కొంత విప్పి చెప్పుటయే ఈ ప్రసంగమునకు ఉద్దేశము.

చరవాణి అనునది నిజమునకు చిన్న కంప్యూటరు. దానిలోని విద్యుత్పరికరములను నడిపించి, మన వ్రేలి తాకుడును ఆజ్ఞగా గ్రహించి, ఏ అనువర్తనమునకు ఎంత జ్ఞాపకశక్తి, ఎంత బ్యాటరీ ఇవ్వవలెనో నిర్ణయించు మూల సాఫ్ట్‌వేరును ఆపరేటింగ్ సిస్టమ్ అందురు. ఆండ్రాయిడ్ అట్టి వ్యవస్థ. లినక్స్ అను మూలముపై దీనిని నిర్మించిన చిన్న సంస్థను గూగుల్ 2005లో కొనినది. 2007 నవంబరులో ఆండ్రాయిడ్‌ను లోకమునకు ప్రకటించిరి. దీనితో నడచు మొదటి ఫోనును హెచ్.టి.సి. సంస్థ తయారుచేయగా అది 2008లో విపణికి వచ్చినది.

ఈ వ్యవస్థకు గల విశేషమేమనగా, దాని మూలలిపిని ఎవరైనను ఉచితముగా తీసుకొని మార్చుకొనవచ్చును. వండని బియ్యమును అందరికిని పంచినట్లు ఇది జరిగినది. ఎవరి వంటింటిలో వారు దానిని తమకు నచ్చినట్లు వండుకొనిరి. హెచ్.టి.సి. వారు 2009లో తమ వంటకమునకు ‘సెన్స్’ అని పేరు పెట్టిరి. శాంసంగ్ వారు ‘టచ్‌విజ్’ అనిరి. 2018లో దాని రూపమును మార్చి ‘వన్ యూఐ’ అని ప్రకటించిరి. చైనాకు చెందిన షావోమీ సంస్థ 2010లో తన మొదటి ఫోను కంటె ముందుగా తన తొడుగునే విడుదల చేసినది. ‘ఎంఐయూఐ’ అను పేరుతో పదమూడేండ్లు నడచిన ఆ తొడుగు స్థానములో 2023లో ‘హైపర్ ఓఎస్’ను ప్రకటించినది. ఇట్లు తయారీదారులు మూల వ్యవస్థకు చేర్చు రూపమును, అలవాట్లను, అనువర్తనములను కలిపి తొడుగు అని పిలుచుట సులభముగా ఉండును. ఇట్టి చేర్పులు లేక, లేదా మిక్కిలి స్వల్పముగా ఉన్నదానిని ప్రామాణిక ఆండ్రాయిడ్ అనుచున్నారు.

రేడియో ఉన్న ఇండ్లవారికి దీనిని మరియొక విధముగా చెప్పవచ్చును. ఒకే కేంద్రపు ప్రసారమును పది ఇండ్లలో పది రకముల రేడియోలపై విందుము. ఒకదాని మీట కుడివైపున ఉండును, మరొకదానిది ఎడమవైపున. ఒకదానిలో మాట స్పష్టము, మరొకదానిలో మ్రోత అధికము. కాని ప్రసారము ఒక్కటియే. అయితే ఈ ఉపమానము ఒకచోట ఆగిపోవును. రేడియో చేసినవాడు వార్తల నడుమ తన ప్రకటనను చొప్పింపలేడు. మీరు వినుచున్న నాటకమును, బ్యాటరీ ఆదాయేయవలెనని సగములో ఆపలేడు. ఫోనుకు తొడుగు వేసినవాడు ఈ రెండును చేయగలడు. కావున తొడుగు కేవలము రంగు, బొమ్మల వ్యవహారము కాదు. అజీజ్‌నగర్ రైతు ఫోనులో జరిగినది ఇట్టిదే.

బ్యాటరీని కాపాడుటకై, వాడుకలో లేని అనువర్తనములను నిద్రపుచ్చు ఏర్పాటు ప్రామాణిక ఆండ్రాయిడ్‌లోను ఉన్నది. 2015లో వచ్చిన ఆరవ సంచికలో ‘డోజ్’ అను పేరుతో దానిని ప్రవేశపెట్టిరి. ఫోను కదలక, తెర ఆరియున్నప్పుడు అనువర్తనములు విశ్రమించును. కొంత కొంత సేపటికి ఒకసారి మేల్కొని తమ పనులు చూచుకొనును. ముఖ్యమని గుర్తింపబడిన సందేశము వచ్చినచో వెంటనే మేల్కొనును. ఈ నియమములు బహిరంగముగా వ్రాయబడియున్నవి. అనువర్తనములు వ్రాయువారు వానికి అనుగుణముగా తమ పనిని తీర్చిదిద్దుకొందురు. కొందరు తయారీదారులు ఇంతటితో తృప్తిపడక, తమ ఫోను బ్యాటరీ మరింత కాలము నిలుచునని చాటుకొనుటకై, ఇంకను కఠినమైన నియమములను తమ తొడుగులో చేర్చిరి. తెర ఆరిన కొంతసేపటికి అనువర్తనమును నిద్రపుచ్చుటకు మారుగా పూర్తిగా ముగించివేయుదురు. ముగిసినదానికి సందేశము ఎట్లు అందును? తెర వెలుగువరకు అది వేచియుండవలసినదే. బ్యాటరీ రెండురోజులు వచ్చినది నిజమే. కాని దానికి మూల్యము చామంతి పూలతో చెల్లించవలసివచ్చినది.

ఇంతమాత్రమున తొడుగులన్నియు చెడ్డవని, ప్రామాణికమే మేలని తీర్పు చెప్పుట తొందరపాటగును. చరిత్ర అట్లు చెప్పుటలేదు.

ఒకే తెరను రెండుగా విభజించి, ఒకవైపు పుస్తకము, మరొకవైపు లెక్కల పట్టికను చూచుకొను సౌకర్యమును శాంసంగ్ 2012లోనే తన నోట్ శ్రేణిలో ఇచ్చినది. ప్రామాణిక ఆండ్రాయిడ్‌కు అది 2016లో, ఏడవ సంచికతో గాని రాలేదు. పొడుగైన పుటను ఒకే చిత్రముగా తీయు వసతి తయారీదారుల ఫోనులలో ఏండ్లతరబడి ఉన్నపిదప, 2021లో పండ్రెండవ సంచికతో ప్రామాణికములోనికి ప్రవేశించినది. ఒకే ఫోనులో రెండు వాట్సాప్ ఖాతాలు నడుపుకొను వీలును 2016లోనే ఎంఐయూఐ కల్పించినది. రెండు సిమ్ములు గల ఫోనులే ఎక్కువగా వాడు మన దేశములో ఇది చిన్న వసతి కాదు. కాబట్టి తొడుగులు ప్రయోగశాలలవంటివి. అక్కడ పుట్టి జనులు మెచ్చినవానిలో కొన్ని, కొన్నేండ్లకు మూలవ్యవస్థలో చేరుచున్నవి.

మన భాష విషయములోను ఇట్టి కథయే కలదు. ఆండ్రాయిడ్ తొలి సంవత్సరములలో తెలుగు అక్షరములను చూపుట దానికి చేతనయ్యెడిది కాదు. తెలుగులో వచ్చిన సందేశము స్థానములో వరుసగా ఖాళీ గడులు కనబడెడివి. 2014లో వచ్చిన అయిదవ సంచిక మొదలుకొని, ఫోనులోని ఆజ్ఞలన్నియు చూపగల భాషల పట్టికలో తెలుగునకు స్థానము లభించినది. అటుపిమ్మట భారతీయ భాషలనే ముఖ్యముగా పెట్టుకొని ఒక తొడుగు మన దేశములోనే పుట్టినది. దాని పేరు ఇండస్ ఓఎస్. 2015లో మైక్రోమ్యాక్స్ ఫోనులపై అది వచ్చినది. ఆంగ్ల సందేశముపై వ్రేలిని ఒకవైపు జరిపినచో అది మన భాషలోనికి మారునట్లు ఏర్పాటుచేసిరి. ఆంగ్లము రాని ఇల్లాలు, ఆంగ్లము చదువని రైతు ఎవరి సహాయము కోరకయే ఫోను వాడుకొనవలెనను తలంపు అందున్నది. ఆ తలంపునకు తొడుగును తోడ్పడినదని గుర్తింపవలెను.

2016లో భారత ప్రభుత్వము ఈ విషయమున ఒక ఉత్తర్వు చేసినది. భారతీయ ప్రమాణముల సంస్థ రూపొందించిన 16333 సంఖ్య గల ప్రమాణములోని మూడవ భాగము ప్రకారము, దేశములో అమ్ము ప్రతి చరవాణియు రాజ్యాంగము గుర్తించిన భాషలన్నిటిలోను అక్షరములను చూపగలుగవలెను. ఆంగ్లము, హిందీ, ఇవికాక మరొక భారతీయ భాషలో వ్రాయుటకు వీలు కల్పించవలెను. ఇక అందలి తెలుగు ఎట్లున్నదనుట వేరు ప్రశ్న. మూలవ్యవస్థనుండి వచ్చిన మాటలు తెలుగులో ఉండి, తయారీదారు చేర్చిన మాటలు ఆంగ్లములోనే మిగిలిపోయిన ఫోనులను మనము చూచుచునే యున్నాము. తొడుగు ఎంత దళసరియైన, అనువదింపవలసిన మాటలు అంత ఎక్కువగును. ఆ పని శ్రద్ధతో చేయువారు తక్కువైన, చదువరి తబ్బిబ్బుపడును.

తొడుగునకును ధరకును గల సంబంధమును ఇప్పుడు చూతము. 2015 ఆగస్టు 10వ తేదీన విశాఖపట్టణములో, అప్పటి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి నారా చంద్రబాబునాయుడు పాల్గొన్న సభలో షావోమీ సంస్థ రెడ్‌మీ 2 ప్రైమ్ అను ఫోనును విడుదల చేసినది. శ్రీసిటీలోని ఫాక్స్‌కాన్ కర్మాగారములో కూర్చబడిన ఆ ఫోను ఆ సంస్థకు మన దేశములో తయారైన మొదటిది. ధర 6,999 రూపాయలు. దానిపై నడచినది ఎంఐయూఐ. ఇంత తక్కువ ధరకు అమ్మి లాభమెట్లు పొందుదురని ఎవరికైనను సందేహము కలుగును. 2018 ఏప్రిల్‌లో ఆ సంస్థ అధిపతి లే జున్, తమ పరికరములపై నికరలాభము 5 శాతమును మించనీయమని ప్రకటించెను. పరికరములో తగ్గించుకొన్న లాభమును ఇంటర్నెట్ సేవలద్వారా, ప్రకటనలద్వారా రాబట్టుట ఈ వ్యాపారపద్ధతి. ఆ ప్రకటనలకు చోటిచ్చునది తొడుగే. ఫోనుతోపాటు ముందే చేర్చబడి వచ్చు అనువర్తనములు పలువురు తయారీదారుల ఫోనులలో కనబడుటకు ఇదియే కారణము. ఇందు మోసమున్నదనుట సరికాదు. ధరలో కొంతభాగమును మనము రూపాయలలో గాక మన దృష్టితో చెల్లించుచున్నామని తెలిసికొన్న చాలును. ఆ ప్రకటనలను చాలవరకు అమరికలలోనికి పోయి ఆపుకొనవచ్చును. తెలిసినవారు ఆపుకొందురు, తెలియనివారు చూచుచుందురు.

ప్రామాణిక ఆండ్రాయిడ్ మాత్రము ఎవరి ప్రయోజనమును ఆశింపనిదనుకొనరాదు. ఉచితముగా లభించు మూలలిపిలో ప్లే స్టోరు లేదు, యూట్యూబ్ లేదు, గూగుల్ పటములు లేవు. ఇవి కావలెననిన గూగుల్‌తో ఒప్పందము చేసికొనవలెను. ఆ ఒప్పందములలోని నిబంధనలు పోటీకి భంగకరముగా నున్నవని తీర్పు చెప్పి, భారత పోటీ కమీషను 2022 అక్టోబరులో గూగుల్‌పై 1,337.76 కోట్ల రూపాయల జరిమానా విధించినది. అటుపిమ్మట 2023 జనవరిలో, మన దేశమున తయారీదారులు గూగుల్ అనువర్తనములను మూకుమ్మడిగా గాక విడివిడిగా తీసికొనుటకు వీలిచ్చెదమని గూగుల్ ప్రకటించినది. ప్రామాణికమునకును ఒక యజమాని ఉన్నాడనియు, ఆయనకును తన లెక్కలున్నవనియు ఇందువలన తెలియును.

ఈ రెండిటిని పోల్చి చూచుటకు 2017లో ఒక చక్కని అవకాశము లభించినది. అంతకుమున్ను 2014 సెప్టెంబరులో గూగుల్ ‘ఆండ్రాయిడ్ వన్’ అను పథకమును మన దేశములోనే ప్రారంభించి, మైక్రోమ్యాక్స్, కార్బన్, స్పైస్ సంస్థలచేత తక్కువ ధరలో తొడుగులేని ఫోనులు చేయించినది. 2017 సెప్టెంబరులో షావోమీయే ఆ పథకములో చేరి, ఎంఐ ఏ1 అను ఫోనును 14,999 రూపాయలకు మన దేశములో విడుదల చేసినది. చైనాలో అదే సంస్థ అమ్మిన ఎంఐ 5ఎక్స్‌కును దీనికిని దేహము ఒక్కటే. తెర, కెమెరా, లోపలి చిప్పు ఒక్కటే. చైనా ఫోనుపై ఎంఐయూఐ, మన ఫోనుపై ప్రామాణిక ఆండ్రాయిడ్. కవలపిల్లలను వేర్వేరు ఇండ్లలో పెంచినట్లు, ఒకే పరికరము రెండు స్వభావములతో పెరిగినది. ప్రామాణికమును కోరినవారు దీనిని ఆదరించిరి. అయినను 2019లో వచ్చిన ఎంఐ ఏ3తో ఆ వరుస నిలిచిపోయినది. తొడుగు లేకున్న తయారీదారునకు తనదని చెప్పుకొనుటకు ఏమియు మిగులదు; అన్ని ఫోనులును ఒకే ముఖముతో ఉన్నప్పుడు కొనువాడు ధర ఒక్కటే చూచును. తయారీదారులు తొడుగును వదలకపోవుటకు ఇది ముఖ్యకారణము.

ఇక మిగిలినది మరమ్మతుల సంగతి. 2015లో ‘స్టేజ్‌ఫ్రైట్’ అను లోపము ఆండ్రాయిడ్‌లో బయటపడి, ఒక్క వీడియో సందేశముతోనే ఫోను పరుల వశమగునను భయము కలిగించినది. ఆ ఏడు ఆగస్టునుండి గూగుల్ ప్రతినెలయు భద్రతా సవరణలు ప్రకటించుట మొదలుపెట్టినది. అయితే గూగుల్ సవరించినంతమాత్రమున మన ఫోను బాగుపడదు. ఆ సవరణ మొదట చిప్పు చేసినవారిని చేరవలెను, పిదప తయారీదారు దానిని తన తొడుగునకు సరిపడునట్లు కూర్చవలెను, పరీక్షింపవలెను, అటుపిమ్మటనే మన ఇంటికి పంపవలెను. తొడుగు దళసరియైన కొలది ఈ పని ఆలస్యమగును. ఈ చిక్కు తగ్గించుటకై 2017లో ఎనిమిదవ సంచికతో ‘ప్రాజెక్ట్ ట్రెబుల్’ అను మార్పు తెచ్చిరి. చిప్పునకు సంబంధించిన భాగమును, పైనున్న వ్యవస్థను వేరుచేసి, ఒకదానిని కదపకయే రెండవదానిని మార్చుటకు వీలుకల్పించిరి. పునాది త్రవ్వకయే పైకప్పు మార్చుకొన్నట్లు. దీని ఫలితము కొంత కనబడుచున్నది. 2023 అక్టోబరులో గూగుల్ తన పిక్సెల్ 8 ఫోనులకు ఏడేండ్లపాటు సవరణలు పంపుదునని మాట ఇచ్చినది. మూడునెలలకే శాంసంగ్ తన గెలాక్సీ ఎస్24 ఫోనులకు అదే మాట ఇచ్చినది. శ్రద్ధయున్నచో తొడుగు సవరణకు అడ్డుకాదని దీనివలన రుజువగుచున్నది. అయితే ఈ మాటలు ఖరీదైన ఫోనులకు ఇచ్చినవి. తక్కువ ధర ఫోను కొనువారు, దీనికి ఎన్ని ఏండ్లు సవరణలు వచ్చునని అంగడిలోనే అడిగి తెలిసికొనుట మంచిది.

రేడియో శ్రోతలకు ఇష్టమైన ఒక విషయము చెప్పి ముగింతును. ఇయర్‌ఫోను తీగను యాంటెన్నాగా చేసికొని, ఇంటర్నెట్ లేకయే ఎఫ్.ఎం. ప్రసారములను వినిపించు వసతి పెక్కు ఫోనులలో కలదు. దానికి కావలసిన అనువర్తనమును చేర్చునది సాధారణముగా తయారీదారే. గూగుల్ తానే చేయు పిక్సెల్ ఫోనులలో ఎఫ్.ఎం. రేడియో లేదు. తుపానులు, వరదలు వచ్చి టవరులు మూగవోయినప్పుడు రేడియో ఎంత అక్కరకు వచ్చునో కోస్తావాసులకు చెప్పనక్కరలేదు. 2023 ఏప్రిల్‌లో కేంద్ర ఎలక్ట్రానిక్స్ మంత్రిత్వశాఖ ఈ కారణమును చూపియే, ఫోనులలోని ఎఫ్.ఎం. గ్రాహకమును పనిచేయనీయవలెనని, లేనిచో చేర్చవలెనని తయారీదారులకు సూచించినది. ఇక్కడ మనకు మేలుచేయునది తొడుగే.

కావున క్రొత్తగా ఫోను కొనునప్పుడు తొడుగు ఉన్నదా లేదా అని అడుగుటకంటె, నాలుగు సంగతులు విచారించుట మేలు. ఇందులో ప్రకటనలు వచ్చునా, వానిని ఆపు వీలున్నదా? భద్రతా సవరణలు ఎన్ని ఏండ్లు వచ్చును? ఇంటిలోని పెద్దలు చదువుకొనదగిన తెలుగు ఇందులో ఉన్నదా? తెర ఆరిన తరువాత సందేశములు సకాలమున అందునా? ఈ నాలుగింటికి తృప్తికరమైన సమాధానములున్నచో, పైనున్నది ఎవరి తొడుగైనను చింతలేదు.

ఆ రోజు అజీజ్‌నగర్‌లో ఆ అమ్మాయి తండ్రి ఫోనును తీసికొని, అమరికలలో అనువర్తనముల పట్టిక తెరచి, వాట్సాప్ ఎదుట బ్యాటరీ అనుచోట ‘పరిమితి లేదు’ అను దానిని ఎంచినది. ‘ఆటోస్టార్ట్’ అను మీటను తెరచి పెట్టినది. తెర ఆర్పి, ఫోనును అరగంటసేపు గూటిలో ఉంచి, తన ఫోనునుండి ఒక సందేశము పంపినది. గూటిలోని ఫోను మ్రోగినది. “ఇగ సేటు మాట రాత్రికే తెలుస్తది నాయనా” అన్నది. ఆయన నవ్వి, బుట్టలలో మిగిలిపోయిన చామంతులను ఇరుగుపొరుగు ఇండ్లకు పంచుటకై లేచెను.